ప్రోస్టేట్ రిపోర్టులో ప్రొటీన్ల పేరా: నేను చదివే వరుస

ప్రోస్టేట్ క్యాన్సర్ బయాప్సీ రిపోర్టుల్లో గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ ఎంత ముదురో చెప్పే అంకె) కింద ఈమధ్య ఇంకో పేరా కనిపిస్తోంది. కీ-67 ఇన్ని శాతం, పీటెన్ లేదు, ఈఆర్‌జీ పాజిటివ్, పి53 మామూలుగానే ఉంది, ఇలా. ఆ పేరా రాసేది మేమే, పాథాలజిస్టులం. పేషెంట్లు మా మొహం చూడరు, మేం వాళ్ల మొహం చూడం. మా మధ్య ఉండేదల్లా గాజు స్లైడు మీద అతుక్కున్న నాలుగు మైక్రాన్ల మందం కణజాలం. రిపోర్టు ఇంటికి చేరాక కొడుకో కూతురో ఆ పేర్లు ఒక్కొక్కటే ఫోన్లో కొట్టి చూస్తారు. ఫలానా ప్రొటీన్ ఎక్కువున్నవాళ్లకి జబ్బు త్వరగా తిరగబెట్టిందని ఎక్కడో ఒక వార్త తగులుతుంది. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు.

ఒక ప్రొటీన్ ఎక్కువుందా తక్కువుందా అన్నది నేను ఎప్పుడూ ఆఖర్న చూస్తాను. దాన్ని ఎక్కడ కొలిచారు, ఎందుకు కొలిచారు, గ్లీసన్ స్కోరు ఇప్పటికే చెప్పినదానికి అది కొత్తగా ఏం కలిపింది, ఈ మూడూ తేలాకే ఎక్కువ తక్కువల సంగతి. మీ చేతిలో రిపోర్టు ఉంటే పక్కన పెట్టుకుని చదవండి. వైద్యం ఏం చెయ్యాలో ఇందులో దొరకదు, అది మీ డాక్టరుగారు చెప్పాలి. ఆయన్ని ఏం అడగాలో మాత్రం తెలుస్తుంది.

ముందు రక్తం సంగతి, కణితి సంగతి విడగొట్టండి

ప్రోస్టేట్ జబ్బు అనుమానం వస్తే రక్తంలో కొలిచే పీఎస్ఏ కూడా ప్రొటీనే. ప్రోస్టేట్ గ్రంథి గొట్టాల లోపలి వరస కణాలు దాన్ని తయారుచేసి వీర్యంలోకి వదులుతాయి. వీర్యంలో అది రక్తంలో కన్నా సుమారు పది లక్షల రెట్లు ఎక్కువ. అంటే పీఎస్ఏ ఉండటంలో తప్పేమీ లేదు, అది ఉండాల్సిన చోట బోలెడంత ఉంటుంది. రక్తంలోకి రావడమే తేడా. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి చుట్టూ బేసల్ కణాల వరస ఒకటి, దాని కింద ఒక పల్చటి పొర ఉండి ఆ సరుకును లోపలే ఆపుతాయి. క్యాన్సర్ గ్రంథికి ఆ బేసల్ వరస ఉండదు. చిల్లుపడ్డ కుండలోంచి కారినట్టు పీఎస్ఏ బయటికి, రక్తంలోకి కారుతుంది. వయసుతో గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ వచ్చినా కూడా కొంత కారుతుంది, అందుకే పీఎస్ఏ పెరిగిన ప్రతివాళ్లకీ క్యాన్సర్ ఉండదు.

ఇక్కడే చాలామందికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. అదే పీఎస్ఏకి కణజాలం మీద స్టెయిన్ (ఆ ప్రొటీన్ ఉన్న చోటును చూపించే రంగు) వేస్తే, మామూలు గ్రంథి ముదురు గోధుమ రంగులో నిండుగా కనిపిస్తుంది. పక్కనే ఉన్న గ్లీసన్ 5 అల్లిక (అన్నిటికన్నా ముదురుది) క్యాన్సర్ కణాలు చాలాసార్లు వెలిసిపోయి, అక్కడక్కడా మాత్రమే రంగు పట్టి ఉంటాయి. కణానికి ఇంత అని లెక్కేస్తే ముదురు క్యాన్సర్ పీఎస్ఏ తక్కువే చేస్తుంది. రక్తంలో అంకె పెరిగేది కణాల సంఖ్య వల్లా, కారడం వల్లా. కాబట్టి "రక్తంలో ఎక్కువ" అన్నదాన్ని "కణితిలో ఎక్కువ" అని చదవకూడదు. ఇంకో అడుగు ముందుకేస్తే, గ్లీసన్ 9, 10 ఉండి రక్తంలో పీఎస్ఏ మరీ తక్కువుంటే అది ఊరటపడాల్సిన విషయం కాదు. కణితి తన ప్రోస్టేట్ స్వభావాన్నే వదిలేసుకుంటోందేమో అని నేను అనుమానిస్తాను. అలాంటప్పుడే సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ అనే న్యూరోఎండోక్రైన్ (నాడీ కణాల పోలిక ఉన్న హార్మోన్ కణాలను పట్టించే) స్టెయిన్లు అడుగుతాం.

ఒక చిన్నమాట. మూత్రం ఇబ్బందికనో జుట్టు కోసమనో ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ మాత్రలు నెలల తరబడి వేసుకుంటున్నవాళ్లలో రక్తంలో పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. డాక్టరుకి ఆ సంగతి చెప్పకపోతే అంకె అబద్ధం చెబుతుంది.

ప్రొటీన్ల పేరా మీద చెయ్యి అడ్డం పెట్టండి

నిజంగానే చెప్తున్నాను, ఆ పేరాని కాసేపు కప్పేసి పైది చదవండి. గ్లీసన్ స్కోరు ఎంత, గ్రేడ్ గ్రూపు 1 నుంచి 5 లో ఏది, ఎన్ని సూది ముక్కల్లో క్యాన్సర్ ఉంది, ఒక్కో ముక్కలో ఎంత పొడవు లేదా ఎంత శాతం, క్రిబ్రిఫార్మ్ అనే జల్లెడ ఆకారం ఉందా, ఇంట్రాడక్టల్ కార్సినోమా (గొట్టాల లోపల పెరిగే క్యాన్సర్) అన్నారా. ఆపరేషన్ అయిపోయి ఉంటే గ్రంథి పొర దాటిందా, కోసిన అంచుల్లో క్యాన్సర్ ఉందా, లింఫ్ గ్రంథులు ఎలా ఉన్నాయి. దీనికి రక్తంలో పీఎస్ఏ, స్కానులో చూసిన దశ కలపండి. జబ్బు ఎటు పోతుందన్న అంచనాలో అత్యధిక భాగం వీటిలోనే ఉంది.

డోనాల్డ్ గ్లీసన్ ఈ పద్ధతిని మొదట ప్రచురించింది 1966లో. కణం లోపల ఏ ప్రొటీన్ ఎంతుందో ఆయన చూడలేదు, తక్కువ పవర్ లెన్సులో గ్రంథుల అల్లిక ఎలా చెదిరిందో మాత్రమే చూశారు. ఆ తర్వాత ఎన్నో ప్రొటీన్లు వచ్చాయి, పోయాయి. ఆ అల్లికను పక్కకు నెట్టింది ఏదీ లేదు. నా వృత్తి మీద అభిమానంతో అంటున్నానని మీరు అనుకోవచ్చు, అందులో కొంత నిజం ఉంది కూడా.

మొదట గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఒకటి. గ్రంథికే పరిమితమైన క్యాన్సర్ మీద బ్రిటన్‌లో జరిగిన ప్రోటెక్ట్ అధ్యయనంలో 1643 మందిని సుమారు 15 ఏళ్లు గమనించారు. కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్, కొందరికి గమనిస్తూ ఉండటం. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం ప్రోస్టేట్ క్యాన్సర్ వల్ల చనిపోయినవాళ్లు 45 మంది, అంటే 2.7 శాతం. మూడు గుంపుల మధ్యా చావుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఫలానా ప్రొటీన్ ముప్పును రెట్టింపు చేస్తుందని చదివినప్పుడు, దేన్ని రెట్టింపు చేస్తోందో ముందు అడగాలి.

ఆ స్టెయిన్ ఎందుకు వేశారో తేల్చుకోండి

ఇప్పుడు చెయ్యి తీసి ఆ పేరా చూడండి. అందులో పేర్లన్నీ ఒక జాతివి కావు. కొన్ని "ఇది క్యాన్సరేనా" అని తేల్చడానికి వేసినవి. పి63, హై మాలిక్యులర్ వెయిట్ సైటోకెరటిన్, సీకే5/6 ఇవి బేసల్ కణాలను పట్టిస్తాయి. బేసల్ వరస లేకపోతే క్యాన్సర్ వైపు మొగ్గు. ఏఎమ్ఏసీఆర్ అనేది క్యాన్సర్ కణాల్లో ఎక్కువగా ఉండే ఎంజైము. చిన్న ముక్కలో నాలుగైదు గ్రంథులే అనుమానంగా కనిపించినప్పుడు ఈ జంటే మాకు దిక్కు. "పి63 నెగటివ్, ఏఎమ్ఏసీఆర్ పాజిటివ్" అన్న వాక్యానికి అర్థం క్యాన్సర్ అని నిర్ధారించామనే. ఎంత ఉధృతమైనదో ఆ వాక్యం చెప్పదు. ఏఎమ్ఏసీఆర్ పక్కన "స్ట్రాంగ్" అని రాసి ఉంటే జబ్బు స్ట్రాంగ్ అని వణికిపోయినవాళ్లు నాకు తెలుసు. అది రంగు ముదురు గురించి రాసిన మాట.

ఇంకొన్ని "ఇది ఎక్కడి నుంచి వచ్చింది" అని తెలుసుకోవడానికి. వెన్నెముకలోనో లింఫ్ గ్రంథిలోనో గడ్డ దొరికి, మూలం తెలియనప్పుడు ప్రోస్టేట్ కణాలను పట్టించే ఎన్‌కేఎక్స్3.1, పీఎస్ఏ, పీఎస్ఎమ్ఏ వేస్తాం. మూడో జాతి స్టెయిన్లే జబ్బు నడక గురించి, మందు ఎంపిక గురించి ఏదైనా చెప్పగలిగినవి: పీటెన్, కీ-67, పి53, ఆర్‌బీ, మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రొటీన్లు (డీఎన్‌ఏలో తప్పులు దిద్దేవి). మీ రిపోర్టులో మూడో జాతి ఒక్కటీ లేకపోతే కంగారు పడక్కర్లేదు. చాలామందికి వాటి అవసరమే రాదు, వేసినా చికిత్స మారదు.

ఆ గోధుమ రంగు ఎలా వస్తుంది

దీన్ని ఒక్కసారి దగ్గరగా చూస్తే రిపోర్టులో అంకెలను ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది. సూదితో తీసిన ముక్కను ఫార్మలిన్‌లో వేస్తారు. ఫార్మలిన్ ప్రొటీన్లను ఒకదానికొకటి ముడివేసి కుళ్లకుండా ఆపుతుంది. దాన్ని మైనంలో పోతపోస్తే బ్లాకు. బ్లాకు నుంచి పల్చటి పొరలు కోసి స్లైడు మీద పరుస్తారు. ఫార్మలిన్ వేసిన ముడులను సడలించడానికి స్లైడును వేడి ద్రావణంలో ఉంచుతారు. ఆ తర్వాత మనం వెతికే ప్రొటీన్‌కే అతుక్కునే యాంటీబాడీ, దాని వెనక ఒక ఎంజైము, చివరికి డీఏబీ అనే రసాయనం. యాంటీబాడీ అతుక్కున్న చోటల్లా గోధుమ రంగు తేలుతుంది. మిగతా కేంద్రకాలు కనబడటానికి నీలం రంగు అద్దుతారు.

ఇన్ని మెట్లలో ఎక్కడ తేడా వచ్చినా రంగు మారుతుంది. ముక్క ఫార్మలిన్‌లో పడటం ఆలస్యమైనా, కోసిన స్లైడు నెలల తరబడి డబ్బాలో ఉన్నా కొన్ని ప్రొటీన్లు రంగు పట్టవు. అందుకే నేను కణితిని చూడక ముందు కణితి కాని భాగాన్ని చూస్తాను. పీటెన్ స్టెయిన్ అయితే చుట్టుపక్కల మామూలు గ్రంథులు, మధ్యనున్న స్ట్రోమా (గ్రంథులను పట్టి ఉంచే కణజాలం) కణాలు గోధుమ రంగు పట్టి తీరాలి. ఈఆర్‌జీ అయితే రక్తనాళాల లోపలి కేంద్రకాలు చుక్కలు చుక్కలుగా గోధుమ రంగులో మెరవాలి. అవి పట్టి, కణితి పట్టకపోతేనే "లేదు" అని రాయగలను. రెండూ పట్టకపోతే ఆ స్లైడు చెల్లదు. మీ రిపోర్టులో "ఇంటర్నల్ కంట్రోల్ సరిగా ఉంది" అన్న ముక్క ఉందేమో చూడండి. లేకపోతే అడగండి, అది మొండి ప్రశ్నేమీ కాదు.

రంగును అంకెగా మార్చడానికి ఎక్కువగా వాడేది హెచ్-స్కోరు. లేతగా పట్టిన కణాల శాతాన్ని 1తో, మధ్యస్థంగా పట్టినవాటిని 2తో, ముదురుగా పట్టినవాటిని 3తో గుణించి కూడతారు. 0 నుంచి 300 దాకా వస్తుంది. 20 శాతం లేత, 30 శాతం మధ్యస్థం, 40 శాతం ముదురు, 10 శాతం అసలు పట్టని కణాలు ఉన్న కణితికి 20, 60, 120 కలిపి 200. మొత్తం కణాలన్నీ ఒకే తీరున మధ్యస్థంగా పట్టిన ఇంకో కణితికీ 200. స్లైడు మీద ఆ రెండింటికీ పోలికే ఉండదు. మొదటిదాంట్లో ఆ పట్టని 10 శాతం ఒక గుంపుగా ఒక మూల కూర్చుని ఉండొచ్చు, రేపు మందుకి లొంగనిది అదే కావచ్చు. స్కోరు 200 అని మాత్రమే రాస్తే ఆ గుంపు మాయమైపోతుంది.

పీటెన్: తక్కువైతేనే చెడ్డది

ప్రొటీన్ ఎక్కువైతే ప్రమాదం అన్న అలవాటు లెక్కను మొదట పోగొట్టేది పీటెన్. 1997లో కనుగొన్న ఈ జన్యువు పదో క్రోమోజోము మీద ఉంటుంది. దాని ప్రొటీన్ కణానికి బ్రేకు. ఏకేటీ అనే మార్గం "పెరుగు, చావకు" అని ఇచ్చే ఆజ్ఞను అది అణచి ఉంచుతుంది. పీటెన్ పోతే ఆ ఆజ్ఞకు అడ్డు లేదు. ఆపరేషన్లో తీసిన ప్రోస్టేట్ క్యాన్సర్లలో సుమారు 20 శాతంలో, శరీరంలో పాకిన జబ్బులో 40 శాతం ప్రాంతంలో అది పోయి ఉంటుంది. పోయినవాళ్లలో గ్లీసన్ ఎక్కువ, గ్రంథి పొర దాటడం ఎక్కువ, తిరగబెట్టడం ఎక్కువ. ఇది ఒక్క చోట కాదు, వేర్వేరు దేశాల గుంపుల్లో మళ్లీమళ్లీ కనబడింది, అందుకే నేను దీన్ని పట్టించుకుంటాను.

గ్లీసన్ 3+3 (కనిపించిన రెండు అల్లికల అంకెల కూడిక) వచ్చి, ఆపరేషన్ వద్దు, గమనిస్తూ ఉందాం అనుకున్నవారిలో దీనికి నిజమైన ఉపయోగం ఉంది. సూది ముక్కలో 3+3 కనబడి పీటెన్ లేకపోతే, సూది తగలని చోట ఇంతకన్నా ముదురుది దాక్కుని ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి రిపోర్టు వస్తే వెంటనే ఆపరేషన్‌కి పరిగెత్తమని కాదు. ఎమ్మారై మళ్లీ చూడటం, బయాప్సీని ముందుకు జరపడం గురించి మాట్లాడమని.

పీటెన్ పక్కన ఈఆర్‌జీ కూడా రాసి ఉంటే రెండింటినీ కలిపి చదవాలి. 2005లో బయటపడిన టీఎమ్‌పీఆర్ఎస్ఎస్2-ఈఆర్‌జీ జన్యు కలయిక వల్ల ఈఆర్‌జీ ప్రొటీన్ కణంలో పేరుకుంటుంది. యూరప్ సంతతి పురుషుల కణితుల్లో దాదాపు సగంలో ఇది ఉంటుంది, ఆసియా వాళ్లలో అంతకన్నా తక్కువ. రంగు ఎంత ముదురుగా పట్టినా, ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెడుతుందా లేదా అన్నది ఈఆర్‌జీ ఒక్కదాన్ని చూసి చెప్పలేం, పెద్ద గుంపుల్లో ఆ సంబంధం నిలబడలేదు. 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో మాత్రం తమాషాగా, పీటెన్ పోవడానికీ ప్రాణం తీసే జబ్బుకీ ఉన్న సంబంధం ఈఆర్‌జీ లేని కణితుల్లోనే బలంగా కనిపించింది. అంటే పీటెన్ పోవడం అన్న ఒకే మాట, పక్కనున్న ప్రొటీన్‌ను బట్టి బరువు మార్చుకుంటోంది.

పీటెన్ ఆధారంగా మందు ఇవ్వవచ్చా? ఏకేటీని ఆపే ఐపటాసెర్టిబ్‌ను అబిరటెరోన్ అనే హార్మోన్ మందుతో కలిపి పరీక్షించిన ఐపటెన్షియల్150 అధ్యయనం ఫలితం 2021లో వచ్చింది. ఐహెచ్‌సీలో (పైన చెప్పిన యాంటీబాడీ స్టెయిన్ పద్ధతి) పీటెన్ లేనివారిలో స్కానులో జబ్బు ముదరకుండా ఉన్న కాలం 16.5 నెలల నుంచి 18.5 నెలలకు పెరిగింది. మొత్తం అందరినీ కలిపి చూస్తే తేడా తేలలేదు. రెండు నెలలు. ప్రొటీన్ లెక్క సరైనదైనా చేతికి వచ్చే లాభం ఇంతే కావచ్చు.

కీ-67: అంకె కన్నా లెక్కపెట్టిన చోటు ముఖ్యం

కీ-67 విభజనలో ఉన్న కణం కేంద్రకంలో మాత్రమే కనబడుతుంది. జర్మనీలోని కీల్ ఊళ్లో 1980ల మొదట్లో దొరికింది, ఆ ఊరి పేరే దీనికి ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్ నిదానంగా పెరిగేది కాబట్టి చాలా రిపోర్టుల్లో ఇది 10 శాతం లోపే ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ రిపోర్టుతో, లింఫోమాతో పోల్చుకుని "మాకు తక్కువే వచ్చింది" అని ధీమా పడటం పొరపాటు. ఇక్కడ కొలబద్ద వేరు.

రేడియేషన్, హార్మోన్ చికిత్స తీసుకున్నవారి మీద జరిగిన ఆర్‌టీఓజీ 92-02 అనే అధ్యయనంలో కీ-67 ఎక్కువున్నవారికి జబ్బు దూరంగా పాకడం, దానివల్ల చనిపోవడం ఎక్కువని 2004లో తేలింది. అందులో తేడా చూపిన గీత 7.1 శాతం. ఆ దశాంశం చూడండి. ప్రకృతిలో 7.1 దగ్గర ఏ గోడా లేదు, ఒక గుంపు లెక్కల్లోంచి వచ్చిన గీత అది. ఇంకో పరిశోధకుడు ఇంకో చోట గీస్తాడు. మీ రిపోర్టులో 9 శాతం వచ్చిందనుకోండి, ఎక్కడో చదివిన గీతకి అటో ఇటో అని తీర్పు చెప్పుకోకండి.

పైగా లెక్కపెట్టడంలో ఉన్న చిక్కులు నాకు రోజూ తెలిసినవే. ఎక్కువ గోధుమ చుక్కలున్న చోటు వెతికి అక్కడ లెక్కిస్తే ఒక అంకె, స్లైడంతా సగటు తీస్తే ఇంకో అంకె. కణితి మధ్య చొరబడిన లింఫోసైట్లు కూడా కీ-67 పడతాయి, అవి చూడటానికి చిన్నగా గుండ్రంగా ఉంటాయి, వాటిని వదిలెయ్యాలి. తొందరలో వాటినీ కలిపితే 4 కాస్తా 8 అవుతుంది. కాబట్టి మీరు అడగాల్సింది: హాట్‌స్పాట్‌లో లెక్కించారా, సగటా, ఎన్ని కణాలు చూశారు?

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పి53లో అక్కడక్కడా లేత రంగు మామూలు. దాదాపు అన్ని కేంద్రకాలూ ముదురుగా ఉన్నా, ఒక్కటి కూడా పట్టకుండా పూర్తిగా ఖాళీగా ఉన్నా అనుమానించాలి. ఎక్కువా చెడ్డదే, శూన్యమూ చెడ్డదే అన్నమాట. పీటెన్, పి53, ఆర్‌బీ మూడింట్లో రెండు దెబ్బతిన్న పాకిన జబ్బు మొండిది, దాని గురించి ఆంకాలజిస్టుతో విడిగా మాట్లాడాలి. మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రొటీన్లు నాలుగు: ఎమ్‌ఎల్‌హెచ్1, ఎమ్‌ఎస్‌హెచ్2, ఎమ్‌ఎస్‌హెచ్6, పీఎమ్‌ఎస్2. ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్లలో ఇవి లోపించేది సుమారు 3 శాతంలోనే. అలా లోపిస్తే పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ దారి తెరుచుకుంటుంది, వంశపారంపర్యమా అన్న ప్రశ్నా లేస్తుంది. పీఎస్ఎమ్ఏ సాధారణంగా ముదురు కణితుల్లో ఎక్కువ, ఆ లెక్కన చెడ్డ గుర్తే. అయితే లుటీషియం అనే రేడియోధార్మిక మందు చికిత్సకు అదే ఆధారం. 2021లో వచ్చిన విజన్ పరీక్షలో పెట్ స్కానులో పీఎస్ఎమ్ఏ ఉన్నవారినే తీసుకున్నారు, వాళ్లు బతికిన మధ్యస్థ కాలం 11.3 నెలల నుంచి 15.3 నెలలకు పెరిగింది. ఒకే ప్రొటీన్ ఒక వరసలో కీడు, ఇంకో వరసలో మందుకి చిరునామా.

ఏ ఫలితంతో సంబంధం?

వార్తల్లో "ఫలితాలు బాగాలేవు" అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. మొదటిది రక్తంలో పీఎస్ఏ మళ్లీ కనబడటం. ఆపరేషన్ తర్వాత 0.2 నానోగ్రాములు దాటి రెండోసారీ నిర్ధారణైతే, రేడియేషన్ తర్వాత అయితే అది దిగిన అట్టడుగు అంకె మీద 2 పెరిగితే అలా అంటారు. రెండోది జబ్బు ఎముకలకో మరెక్కడికో పాకడం. మూడోది ప్రాణం పోవడం. వీటి మధ్య దూరం తెలుసుకోవాలంటే 1999లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు ప్రచురించిన లెక్క చూడండి. ఆపరేషన్ తర్వాత పీఎస్ఏ పెరిగినవారిని, వెంటనే హార్మోన్ చికిత్స ఇవ్వకుండా గమనిస్తే, పాకడానికి పట్టిన మధ్యస్థ కాలం 8 ఏళ్లు. అక్కడి నుంచి మరణానికి ఇంకో 5 ఏళ్లు. ఇది కొత్త మందులు రాకముందు సంగతి.

చాలా ప్రొటీన్ అధ్యయనాలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. పీఎస్ఏ తిరిగి రావడం తొందరగా తెలుస్తుంది, మరణం లెక్కించాలంటే పదిహేనేళ్లు కూర్చోవాలి. అందుకని "తిరగబెట్టే అవకాశం ఎక్కువ" అన్న వాక్యాన్ని "ఆయుష్షు తక్కువ" అని మార్చి చదవకండి.

అధ్యయనం ముందుంటే నా కళ్లు వెతికేవి కొన్ని. ఎవరి కణితులు? ఆపరేషన్ చేయించుకున్నవారివే అయితే, గమనింపులో ఉన్నవారికి అదే వర్తిస్తుందని చెప్పలేం. టిష్యూ మైక్రోఅరేల్లో చూశారా? 1998లో వచ్చిన ఈ పద్ధతిలో ఒక్కో కణితి నుంచి తరచు 0.6 మిల్లీమీటర్ల సన్నటి ముక్కలు తీసి వందలాది మందివి ఒకే స్లైడు మీద పేరుస్తారు. పరిశోధనకి బ్రహ్మాండం, కానీ చోటుకో తీరుగా ఉండే కణితిలోంచి ఒక చుక్క. ప్రొటీన్ కొలిచారా, ఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి జన్యువు పంపే నకలు) కొలిచారా? డెసైఫర్ అనే పరీక్ష 22 జన్యువుల ఆర్‌ఎన్‌ఏను చూస్తుంది, ఆంకోటైప్ 17 జన్యువులది. అవి ప్రొటీన్ పరీక్షలు కావు. ఆర్‌ఎన్‌ఏ ఎక్కువున్నంత మాత్రాన ప్రొటీన్ ఎక్కువుంటుందన్న హామీ లేదు.

అన్నిటికన్నా పెద్ద జల్లెడ: గ్లీసన్, పీఎస్ఏ, దశ, అంచులు లెక్కలో కలిపాక కూడా ఆ ప్రొటీన్ నిలబడిందా? ముదురు గ్లీసన్ ఉన్నవారిలో ఎక్కువుండే ప్రొటీన్లు బోలెడు. అవి గ్లీసన్ చెప్పిందే ఇంకో గొంతుతో చెబుతుంటే, ఆ పరీక్షకు డబ్బు తగలెయ్యడం ఎందుకు? 2002లో ఈజెడ్‌హెచ్2 గురించి, 2004లో ఎమ్‌యూసీ1, ఏజెడ్‌జీపీ1 గురించి మంచి పరిశోధనలు వచ్చాయి. మొదటి రెండూ ఎక్కువుంటే చెడు, ఏజెడ్‌జీపీ1 ఎక్కువుంటే మేలు. జీవశాస్త్రంగా ఎంతో నేర్పాయి. అయినా రోజువారీ రిపోర్టులో వాటిని మేం రాయడం లేదు. కొత్త గుంపులో, కొత్త ల్యాబులో, ముందే ప్రకటించిన గీతతో నెగ్గడం చాలా కష్టమైన పరీక్ష.

హాజర్డ్ రేషియో (ముప్పు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 2 అని కనబడితే ఒక చిన్న కూడిక చెయ్యండి. ఉదాహరణకి మీలాంటి వందమందిలో ముగ్గురికి జరగాల్సింది ఆ ప్రొటీన్ ఉంటే దాదాపు ఆరుగురికి జరుగుతుంది, 94 మందికి జరగదు. అదే వందలో 30 మందికి జరిగే దశలో ఉంటే మాత్రం ఆ 2 చాలా పెద్ద మాట. పక్కన బ్రాకెట్లో ఉండే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు అంకె ఉండగల మేర) 1.1 నుంచి 6 దాకా సాగి ఉంటే, ఆ 2ని నేను పట్టించుకోను.

డాక్టరు దగ్గర

"ఈ ప్రొటీన్ మంచిదా చెడ్డదా" అని అడిగితే ఆయన రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఇలా అడగండి: "డాక్టరుగారూ, ఈ స్టెయిన్ ఫలితం ఇంకోలా వచ్చి ఉంటే మీరు చెప్పే చికిత్స మారేదా?" మారదంటే దాని గురించి రాత్రులు మేలుకోనక్కర్లేదు. మారుతుందంటే, అంత పెద్ద నిర్ణయం ఒక స్లైడు మీద ఆధారపడింది కాబట్టి ఇంకో పాథాలజిస్టు చేత చూపించమని అడగండి. మేం చిన్నబుచ్చుకోం. గ్లీసన్ స్కోరులో కూడా 3+4కీ 4+3కీ మధ్య మాలో మాకే అభిప్రాయభేదాలు వస్తుంటాయి.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం చాలదు. స్లైడులు, మైనం బ్లాకు కావాలి. కొత్త స్టెయిన్ వెయ్యాలంటే బ్లాకు తప్పనిసరి. బ్లాకు నంబరు రిపోర్టు పైనే ఉంటుంది, ఏ ల్యాబులో ఉందో దానితోపాటు రాసిపెట్టుకోండి. సూది ముక్కల్లో సరుకు కొంచెమే, ప్రతి స్టెయిన్‌కీ ఒక పొర ఖర్చవుతుంది. సరదాకి పది ప్రొటీన్లు వేయిస్తే, రేపు నిజంగా అవసరమైన జన్యు పరీక్షకి బ్లాకులో ఏమీ మిగలకపోవచ్చు.

ఏళ్ల తర్వాత జబ్బు పాకితే పాత బ్లాకు మీది ఫలితాన్నే పట్టుకోవద్దు. హార్మోన్ చికిత్స కింద కణితి మారుతుంది, ఉన్న ప్రొటీన్లు పోతాయి, లేనివి వస్తాయి. వీలైతే పాకిన చోటి నుంచి కొత్త ముక్క తీయించడం గురించి అడగండి. అది ఎముక అయితే ఇంకో మాట ముందే ల్యాబుకి చేరాలి. ఎముకను కోయడానికి మెత్తబరచాలి, మామూలుగా ఆమ్లంలో వేస్తారు. ఆమ్లం డీఎన్‌ఏను చెడగొడుతుంది, చాలా ప్రొటీన్ల రంగునూ తినేస్తుంది. జన్యు పరీక్షలు, ఐహెచ్‌సీ చేయాల్సి ఉందని రిక్వెస్టు ఫారం మీద రాయించి, ఆమ్లం బదులు ఈడీటీఏ అనే సున్నితమైన రసాయనంతో మెత్తబరచమని చెప్పించండి. దానికి కొన్ని రోజులు ఎక్కువ పడుతుంది, రిపోర్టు ఆలస్యమైందని ల్యాబుకి ఫోన్ చేసి తొందరపెట్టకండి.